వేట నిషేధం నాటి తాళం

పోతమ్మ ఆ రోజు చేపల బుట్ట దించకుండానే నోటీసు నా చేతికిచ్చింది. పాతికేళ్లుగా మా ఇంటికి చేపలు ఇస్తున్న మనిషి. పోర్టు ఆఫీసులో నేను ఉద్యోగకాలమంతా ఇటువంటి కాగితాలతోనే గడిపానని ఆమెకు తెలుసు.

"సదవండమ్మా. మా అబ్బాయి కన్నబాబు సదివి, ఏటీ సెప్పకుండా ముసుగెట్టి పడుకున్నాడు."

హార్బరు గేటు ఎదుటి వీధిలో ఐసు పెట్టెలు ఉంచుకోవడానికి ఆమె అద్దెకు తీసుకున్న షెడ్డు గురించి ఆ నోటీసు. ఏటా సముద్రంలో చేపల వేట నిషేధించే రెండు నెలలకూ అద్దె కట్టలేదట. మూడేళ్లకు కలిపి డెబ్బై రెండు వేలు పదిహేను రోజుల్లో చెల్లించాలి, లేదా ఖాళీ చేయాలి.

"కట్టలేదా?"

"ఎందుకు కడతాను? బోట్లు కదలని ఆ రెండు నెల్లూ షెడ్డు నా సేతిలో ఉండదు కదమ్మా. ఏప్రిల్ పద్నాలుగున తాళం పెద్దాయనకిచ్చీడం, జూన్ పద్నాలుగున తెచ్చుకోడం. ఇరవయ్యేళ్లనించి అదే. తిరిగొచ్చీసరికి నేలంతా నూని మరకలు, కడుక్కోడం మాత్రం నా వంతు."

పెద్దాయన, అంటే షెడ్డు యజమాని గంగాధరరావు గారు, నిరుడు కాలం చేశారు. వకీలు చేత నోటీసు పంపించింది ఆయన కొడుకు నాగవంశీ.

"కాగితమేమైనా ఉందా?"

"మాటే."

నేను కోప్పడ్డాను. ఇరవై ఏళ్ల వ్యవహారాన్ని గాలిలో నడపడం అమాయకత్వం కాదు, తప్పు అన్నాను.

ఆమె తల వంచుకోలేదు. "కాయితం అడిగితే ఆయన్ని దొంగ అన్నట్టుండదేటమ్మా?"

ఆ మధ్యాహ్నమే జవాబు నోటీసు రాసి ఆమెకు చదివి వినిపించాను: "ఆవరణ యజమాని స్వాధీనంలో ఉన్న కాలానికి అద్దె కోరే హక్కు యజమానికి లేదు. ఈ సంవత్సరం కూడా ఏప్రిల్ పద్నాలుగున తాళం అప్పగించబడును."

చివరి వాక్యం వినగానే ఆమె ముఖం మారింది.

"తాళం ఇచ్చేత్తే ఈ బాబు మళ్లీ ఇత్తాడేటమ్మా? ఆ షెడ్డు పోతే నాను ఐసెక్కడ పెట్టుకోను?"

"ఇవ్వకపోతే, ఏనాడూ ఇవ్వలేదంటాడు. అప్పుడు డెబ్బై రెండు వేలూ నిజమైపోతాయి. ఇద్దాం. ఊరికే మాత్రం ఇవ్వం."

జవాబు స్పీడ్ పోస్టులో పంపాను. అటునుంచి ఉలుకూ పలుకూ లేదు.

ఏప్రిల్ పద్నాలుగు ఉదయం, బోట్లన్నీ వచ్చి జెట్టీకి వరసగా కట్టుకుంటున్న వేళ, నాగవంశీ షెడ్డు ముందు కారు దిగాడు.

"ఆంటీ, మీకెందుకండీ ఈ శ్రమ? పోతమ్మా, సగం కట్టెయ్. మిగతాది వదిలేస్తాను."

"నేను మీకు ఆంటీని కాను. లేని బాకీలో సగం ఎంతవుతుందో మీరే చెప్పండి."

నేను రాసి తెచ్చిన కాగితం అతని ముందుంచాను. అతను సంతకం చేయాల్సిన మాటలు ఇవి: నేడు తాళం అందినది, నిషేధ కాలంలో షెడ్డు నా స్వాధీనం, ఏ సంవత్సరానికీ ఆ కాలపు అద్దె లేదు, జూన్ పద్నాలుగున తాళం తిరిగి ఇస్తాను, నోటీసు ఉపసంహరించుకుంటున్నాను.

చదివి నవ్వాడు. "తాళం నాకెందుకండీ? ఆవిడ షెడ్డు, ఆవిడనే ఉంచుకోమనండి."

పోతమ్మ నావైపు చూసింది. తాళం ఆమె పిడికిట్లోనే ఉండిపోయింది. నేను వేసిన ఎత్తు తప్పిందేమోనని ఆ క్షణంలో భయపడ్డాను.

అప్పుడే రెండు బోటు ఇంజన్లతో ఒక వ్యాను వచ్చి ఆగింది. మెకానిక్ సింహాద్రి దిగాడు.

"వంశీ బాబూ, తాళం తియ్యండి. అడ్వానుసిచ్చి వారమైంది, ఇంకా మూసే ఉందేటి?"

"ఏటా ఇక్కడేనా మీ పని?" అని అడిగాను.

"ఏటా ఇక్కడేనమ్మా. బోటు ఆగితేనే కదా ఇంజను దిగేది! ఈ రెండు నెల్ల అద్దె పెద్దాయన సేతికే ఇచ్చీవోణ్ని. ఇప్పుడు ఈ బాబుకి."

"నూని మరకలు నీ ఇంజన్లవా తమ్ముడూ!" అంది పోతమ్మ. "పెద్దాయన ఎవులికో ఊరికే వాడుకోనిచ్చారనుకున్నాను."

"ఊరికే ఎవులిత్తారప్పా?"

నాగవంశీ నవ్వు ఆగిపోయింది. "ఒకే షెడ్డుకు, ఒకే నెలకు, ఇద్దరి దగ్గర అద్దె," అన్నాను. "ఈ మాట మీ వకీలు గారికి నేను రాయనా, మీరే చెప్పుకుంటారా?"

వ్యాను డ్రైవరు హారన్ కొట్టాడు. పోతమ్మ పిడికిలి విప్పలేదు.

"సంతకమెట్టు బాబూ. ఇంజన్లు ఎండలో ఉన్నాయి."

అతను కారు బానెట్ మీద కాగితం పెట్టి సంతకం చేశాడు. సాక్షిగా సింహాద్రి చేత కూడా చేయించాను. తేదీ వేయించాను. అప్పుడే పోతమ్మ తాళం ఇచ్చింది.

"జూన్ పద్నాలుగున ఉదయం ఆరింటికి నేనూ వస్తాను," అని నాగవంశీతో చెప్పాను.

"మీరు రానక్కర్లేదు మేడమ్. ఇచ్చేస్తాను."

"వస్తాను," అన్నాను.