హెల్మెట్‌ను మింగిన శిల్పం

కొత్తగా పెళ్ళైనవాళ్ళ బాత్రూములో రెండు టూత్‌బ్రష్‌లు ఒకదాన్నొకటి ఆనుకుని ముచ్చట్లాడుకుంటాయి. వీళ్ళ బాత్రూములో మాత్రం ఉన్న ఒక్క బకెట్‌లో పేము నానుతూ ఉంటుంది. ఆమె పేముతో శిల్పాలు అల్లడం నేర్చుకుంటోంది మరి. నానితే గానీ పేము వంగదు కాబట్టి ఆమె మొగుడు కుళాయి కింద చతికిలబడి స్నానం చేస్తున్నాడు. కొత్తమోజు ఇంకా తీరలేదు కనక, అదీ ఒక సరదాలాగే ఉంది అతనికి.

"బుట్టలల్లడానికి కూడా క్లాసులేంటి వదినా?" అంది ఆడపడుచు ఫోన్లో.

"బుట్ట కాదమ్మా, శిల్పం. బుట్టలో ఏదో ఒకటి వేసుకుంటాం. ఇది ఊరికే చూడ్డానికి."

"పనికిరానిదని చెప్పొచ్చుగా, తొందరగా అర్థమయ్యేది."

ఆడపడుచుకి చెప్పని సంగతి ఒకటుంది. క్లాసులు అయిపోయిన రోజున టీచర్‌గారు ఒక్కరికే తన స్టూడియోలో ఏడాదిపాటు పనిబల్ల ఇస్తారు. మిగతావాళ్ళు సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించుకుని తృప్తిపడాలి. బల్ల దొరికితే ఇదే ఆమె రోజువారీ పని. దొరక్కపోతే, మొదలెట్టి మూలన పడేసిన గిటారు పక్కన ఇంకొకటి చేరుతుంది. ఆమెకి ఆ బల్ల కావాలి. నిద్రలో కూడా కావాలి.

అందుకే పొట్ట నిండుగా, మెడ సన్నగా ఉండే ఆకారం తలపెట్టింది. లోపల అచ్చుగా ఏం పెట్టాలా అని ఇల్లంతా వెతికితే మొగుడి హెల్మెట్ కనిపించింది. దాన్ని వెల్లకిలా పెట్టి, చుట్టూ నిలువు పుల్లలు నిలబెట్టి, ఆదివారమంతా అడుగు నుంచి పైకి అల్లుకుంటూ పోయింది. మొగుడు పక్కనే కూర్చుని, పేము ఆరినచోటల్లా నీళ్ళు చిలకరిస్తూ, వరసకొకసారి "అద్భుతం" అన్నాడు. పెళ్ళై పదేళ్ళయిన మొగుడైతే "అది నా హెల్మెట్ కదే" అనేవాడు.

ఇతను ఆ మాట సోమవారం పొద్దున అన్నాడు, బండి తాళం చేత్తో పట్టుకుని.

ఆమె శిల్పం కేసి చూసింది. మెడలో పిడికిలి తప్ప ఏదీ పట్టదు. లోపల హెల్మెట్ హాయిగా కొలువై ఉంది.

"మెడ అల్లేటప్పుడు గుర్తురాలేదా?"

"మీకొచ్చిందా? పక్కనే కూర్చుని నీళ్ళు చల్లారుగా."

"నేను శిల్పాన్ని చూస్తున్నా."

"నేనూ అదే చూస్తున్నా."

"పోనీ, కొంచెం కోస్తే?"

"చెయ్యి వేశారంటే విడాకులే."

"ఇంకా పెళ్ళి ఆల్బమే రాలేదే."

"వచ్చాకే ఇస్తాలెండి."

అతను బస్సెక్కాడు. స్టూడియో బల్లకి ఎంపిక ఆ రోజే కావడంతో ఆమె హెల్మెట్‌తో సహా శిల్పాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో స్టూడియోకి వెళ్ళింది. టీచర్‌గారు దాన్ని చేతిలోకి తీసుకుని ఊపారు. లోపల పట్టీ టకటకలాడింది.

"లోపలెవరు?"

"మావారి హెల్మెటండీ."

"ఆయన లేరు కదా?"

"లేరండీ, బస్సులో వెళ్ళారు."

"అచ్చు తీసేశాక నిలబడితేనే అది అల్లిక. సాయంత్రం దాకా టైముంది, చూసుకోండి."

ఆదివారం అంత ముద్దుగా బిగించిన మెడను ఆమె తడిపి తడిపి, ఒక్కో వరసా విప్పింది. హెల్మెట్ బయటికొచ్చింది. ఇప్పుడు ఖాళీ పొట్ట మీద, ఏ ఆసరా లేకుండా, ఉత్త చేతులతో మెడ మళ్ళీ అల్లాలి. అల్లుతుంటే అది ఒక పక్కకి ఒరిగింది. లాగి సరిచేస్తే కింద పొట్ట ఉబికింది. కాసేపు దానితో పోట్లాడి, ఒరిగినదాన్ని ఒరిగినట్టే వదిలి అంచు కట్టేసింది.

ఆమె ఫోన్ చేస్తే, సాయంత్రం హెల్మెట్ కోసం మొగుడు స్టూడియోకి వచ్చేసరికి టీచర్‌గారు ఆమె శిల్పం ముందు నిలబడి ఉన్నారు.

"మెడ వంపు కావాలని పెట్టారా?"

ఆమె నోరు తెరిచే లోపు మొగుడు అందుకున్నాడు. "కావాలనేనండీ. ఈ ట్రాఫిక్‌లో మనిషి తల నిటారుగా నిలవలేని స్థితిని..."

"కాదండీ," అంది ఆమె, మొగుడి కాలు తొక్కి. "ఆసరా లేక ఒరిగింది. లాగితే కింద పాడవుతోందని ఆపేశాను."

టీచర్‌గారు వరసలన్నీ వేలితో తడిమారు. "ఆపాల్సిన చోటే ఆపారు. రేపట్నుంచి ఆ కిటికీ పక్క బల్ల మీది. ఏడాది చివర పెట్టే ప్రదర్శన రోజు మాత్రం మీ ఆయన్ని మాట్లాడనివ్వకండి."

మెట్లు దిగేదాకా ఆమె బిగబట్టుకుంది. వీధిలోకి రాగానే మొగుడి చెయ్యి పట్టుకుని ఊపేసింది.

"చూశావా," అన్నాడతను, "నేను అందుకోబట్టే వచ్చింది బల్ల."

"అవునండీ," అంది ఆమె. పెళ్ళై ఎన్నాళ్ళో కాలేదుగా, ఒప్పేసుకుంది.