రోజు విడిచి రోజు

పదహారో చేద పైకి లాగి గిరిజ కడవలో పోస్తూ ఉంటే, అరుగు మీద కూర్చుని వేపపుల్లతో పళ్ళు తోముకుంటున్న మొగుడు శంకరన్న తుపుక్కున ఉమ్మి, "ఆ బండలెక్కే పిచ్చి ఇడిసిపెట్టు. ఆడదానికి అంత బలం యాడ్నుంచి వస్తాది?" అన్నాడు. అడిగినవాడికి తోచలేదు గానీ, ఆ మాటకు బావి గిలకకైనా నవ్వొచ్చి ఉంటుంది. గిరిజ మాత్రం నవ్వలేదు. కడవ చంకనెత్తుకుని లోపలికి పోయింది. ఇంకా ఆ పూటకు మగ్గానికి నూలు కండెలు చుట్టాలి, జొన్నరొట్టెలు తట్టాలి, ఏడున్నర బస్సు అందుకోవాలి.

ఎమ్మిగనూరులో వాళ్ళది మగ్గం ఇల్లు. మగ్గంలో కూర్చునేది శంకరన్న కాబట్టి నేతగాడు ఆయనే. నూలు తడిపేదీ, గంజి పెట్టేదీ, ఆరబెట్టేదీ, రాట్నం ముందు నడుం విరగ్గొట్టుకుని కండెలు చుట్టేదీ గిరిజ. దానికి మాత్రం పేరు లేదు. ఆ పేరులేని పని ముగించుకుని రోజూ బస్సులో ఆదోని పోయి ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పుతుంది. అత్త హనుమంతమ్మ దాన్ని 'కుర్చీలో కూసోని వచ్చే పని' అంటుంది. బస్సు ఆదోని చేరుతుంటే కిటికీలోంచి కొండ కనబడేది, ఇంతలేసి రాతిగుండ్లు ఒకదాని మీద ఒకటి పడి. పుట్టిల్లు గోనెగండ్లలో చిన్నప్పుడు అలాంటి గుండ్ల మీదికి మేకలకంటే ముందు ఎక్కేది గిరిజ. పెద్దమనిషైన నాడు ఇంక రాళ్ళెక్కొద్దన్నారు. ఎందుకని అడిగితే అమ్మ కసిరిందే తప్ప జవాబు చెప్పలేదు. ముప్పై ఒకటో ఏట కూడా ఆ కొండను చూస్తే ఆమె అరికాళ్ళు జివ్వుమనేవి.

అందుకే ఎనభై నాలుగు జూన్‌లో ఆడ టీచర్లకు బండలెక్కే శిక్షణ ఇస్తారని బడికి కాగితం వస్తే, అందరికంటే ముందు తన పేరు రాసింది. దసరా సెలవుల్లో వారం రోజులు, ఆ ఆదోని కొండ మీదే. నేర్చుకున్నవాళ్ళు బడిలో పిల్లలకు నేర్పొచ్చు. డ్రిల్లు మాస్టరు రంగప్ప ఆ పేరు చూసి, "కుట్టు టీచరమ్మ గూడానా? సూదిలోకి దారం ఎక్కించే పని గాదమ్మా ఇది" అన్నాడు. టీచర్ల గదిలో అందరూ నవ్వారు. చాయ్ గ్లాసులు కడగడానికి ఎప్పటిలాగే గిరిజ లేచింది, ఎందుకంటే ఆ గదిలో ఆడమనిషి ఉండగా గ్లాసులు వేరేవాళ్ళు కడిగిన దాఖలా లేదు.

ఆ ఆదివారమే పరీక్ష. నేర్పడానికి బళ్ళారి నుంచి వచ్చిన వీరమ్మ నలభై దాటిన పొట్టి మనిషి. రెండు మనిషెత్తుల బండ చూపించి ఎక్కమంది. గిరిజ గబగబా నాలుగు పట్లు పట్టింది. అంతే, మోచేతుల కింద కండ రాయిలా బిగుసుకుపోయి, వేళ్ళు వాటంతటవే విడిపోయాయి. ధబీమని ఇసకలో పడింది. దెబ్బకంటే సిగ్గు ఎక్కువైంది. పన్నెండేళ్ళుగా నీళ్ళు తోడుతున్న చేతులివి, ఇంత పనికిరానివా అని కళ్ళ నీళ్ళు తిరిగాయి. వీరమ్మ పక్కన కూర్చుంది.

"నోడమ్మా, ఇట్ల చూడు, నువ్వు ఇన్నేండ్లూ ఇంటినంతా మోసినావు. నిన్ను నువ్వు మోసుకునేది నేర్వలేదు. మూడు నెలలు ఉంది. నిమిషం సేపు వేలాడాల. గడ్డం పిడికిళ్ళ మీదికి వచ్చేటట్టు ఒక్కసారి లేవాల. అప్పుడు రా."

ఎట్లా చెయ్యాలో కూడా చెప్పింది. దూలానికి తువ్వాల వేసి రెండు కొసలూ పిడికిళ్ళతో పట్టి వేలాడాలి, పట్టు గట్టిపడుతుంది. అయితే రోజు విడిచి రోజే. నడిమి రోజు చేతులకు పని పెట్టకూడదు, బలం వచ్చేది ఆ విశ్రాంతి రోజునే. గిరిజకు నవ్వొచ్చింది. చేతులకు పని లేని రోజు తన బతుకులో ఒక్కటే వచ్చిందని, పురిటి మంచం మీద, బిడ్డ దక్కని నాడు, అని చెప్పేసింది. వీరమ్మ నవ్వలేదు.

రెండు నెలలు గిరిజ వేలాడింది. రోజు విడిచి రోజు తెల్లవారగానే, అత్త పాలకు పోయినప్పుడు, ముక్కాలి పీట ఎక్కి, సొంతంగా గంజి పెట్టిన నూలుతో నేసిన తువ్వాలను దూలం మీదుగా వేసి పట్టుకుంటుంది. మొదట ఎనిమిది లెక్క. తర్వాత పన్నెండు. ఇరవై దగ్గర ఆగిపోయింది. ఎంత పళ్ళు కరిచినా ఇరవై ఒకటి రాదు. నడిమి రోజున నీళ్ళు, కండెలు, బట్టలు. మోచేతులు సలుపుతుంటే జండూబామ్ రాసుకునేది. ఆ వాసనకు శంకరన్న ముక్కు మూసుకుని అటు తిరిగి పడుకునేవాడు. ఇది నా వల్ల అయ్యేది కాదేమోనని ఒక్కోరోజు బస్సులో ఏడుపొచ్చేది. కొండ కనబడగానే పౌరుషం వచ్చేది.

సెప్టెంబరులో ఒక పొద్దున ఇరవై దాటాలన్న పట్టుదలలో కాళ్ళు ఆడిస్తే పీట పడిపోయింది. అదే సమయానికి హనుమంతమ్మ పాలచెంబుతో లోపలికి వచ్చింది. దూలానికి తువ్వాల, కింద పడిపోయిన పీట, గాలిలో కోడలి కాళ్ళు. చెంబు వదిలేసి, "అయ్యో, ఉరేసుకునిందిరో" అని గుండెలు బాదుకుంది.

వీధిలో మగ్గాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. శంకరన్న వచ్చి కాళ్ళు వాటేసుకుని ఎత్తాడు. గిరిజ చావడానికి కాదని ఎంత మొత్తుకున్నా ఎవరూ చెవిన పెట్టలేదు. తప్పించుకున్నోళ్ళందరూ అట్లనే అంటారులే తల్లీ అని పక్కింటామె వీపు నిమిరింది. వచ్చినవాళ్ళు శంకరన్నను ఎగాదిగా చూశారు. బంగారమట్లాంటి పిల్లను ఎంత రాచిరంపాన పెడితే ఇంతకు తెగించిందో అని నలుగురూ నాలుగు అన్నారు. తువ్వాల పట్టుకున్న ఆడది చస్తుందని ఊరంతా క్షణంలో నమ్మింది, బలం తెచ్చుకుంటుందని ఒక్కరికీ తట్టలేదు.

ఆ ఎనిమిది రోజులు గిరిజ ఏనాడూ ఎరగని రోజులు. పొద్దున్నే శంకరన్న చేద వేశాడు. మొదటి కడవకే అరచేతులు బొబ్బలెక్కాయి. కండెలు అత్త చుట్టింది. రొట్టె ఆమే తట్టి, "తినే తల్లీ" అని ముందు పెట్టింది. బడికి సెలవు పెట్టించి, ఒకరు కాకుంటే ఒకరు కంటిమీద కునుకు లేకుండా ఆమెను కాచుకున్నారు. గిరిజ దూలం కేసి చూస్తే చాలు, ఇద్దరి ముఖాల్లో నెత్తురు చుక్క ఉండేది కాదు. గిరిజకు మొదట జాలేసింది, తర్వాత కోపమొచ్చింది. బతికున్నప్పుడు పెట్టని ముద్ద చస్తుందనుకుంటే పెడతారా? ఇట్లాగే నోరు మూసుకుంటే ఈ సుఖం ఇంకొన్నాళ్ళు సాగుతుందని ఒక మనసు అంది. చావుని చూపించి అన్నం తినే బతుకు నాకొద్దని ఇంకో మనసు అంది. ఇంతలో ఆమె ఇంకొకటి గమనించింది. మోచేతి నొప్పి లేదు. పిడికిలి మూస్తే చేతిలో ఏదో నిండుగా ఉంది.

తొమ్మిదో రోజు పొద్దున ఇద్దర్నీ పిలిచి కూర్చోబెట్టింది. పీట తెచ్చి దూలం కింద వేసింది. అత్త కెవ్వుమని లేవబోతే, కూర్చోమని గట్టిగా చెప్పింది. ఆ గొంతు ఆ ఇంట్లో అంతవరకు ఎవరూ వినలేదు. తువ్వాల వేసి, పట్టుకుని, పీటను తానే కాలితో పక్కకు తోసి పైకి వినబడేలా లెక్కపెట్టింది. ఇరవై వచ్చింది, పోయింది. నలభై దగ్గర చేతులు వణికాయి. యాభై తొమ్మిది, అరవై. అప్పుడు ఊపిరి బిగబట్టి లాగింది. భుజాలు లేచాయి, మోచేతులు వంగాయి, గడ్డం పిడికిళ్ళ మీదికి వచ్చింది. ఆమె ముఖం వెలిగిపోయింది.

కిందికి దూకి చెమట తుడుచుకుంది. "నేను సావాలని వేలాడలే. లేసేదానికి వేలాడినా. ఈ ఎనిమిది రోజులు నా సేతులకు పని తప్పింది, బలమొచ్చింది. ఇంకమీద రోజు ఇడిసి రోజు నీళ్ళూ కండెలూ మీవి" అంది.

శంకరన్నకు అప్పుడొచ్చింది కోపం. వీధిలో పరువు తీసిందన్నాడు, మగోడు నీళ్ళు తోడితే నలుగురూ నవ్వరా అన్నాడు. ఎనిమిది రోజులు తోడితివి గదా, ఎవరు నవ్విరి అని అడిగింది హనుమంతమ్మ. ఆ మాట ఆమె నోట ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు. కొడుకు తల్లి వైపు విడ్డూరంగా చూసి, మర్నాడు గొణుక్కుంటూనే చేద అందుకున్నాడు.

దసరా సెలవుల్లో గిరిజ ఆదోని పోయింది. ఆరు రోజుల్లో పాదం ఎక్కడ పెట్టాలో, బరువు చేతుల మీద కాక కాళ్ళ మీద ఎట్లా నిలపాలో నేర్చుకుంది. ఏడో రోజు నలభై అడుగుల గుండు. నడుముకు తాడు కట్టి, ఆ తాడు కొస వీరమ్మ చేతిలో పట్టుకుంది. గిరిజ సగం ఎక్కేసరికి కింద శంకరన్న గొంతు వినబడింది. పండక్కి తన అక్క వచ్చిందనీ, వండిపెట్టే దిక్కు లేదనీ, ఉన్నపళంగా దిగి రమ్మనీ అరుస్తున్నాడు. పడిపోతావు అని కూడా అన్నాడు. అక్కడ ఉన్నవాళ్ళందరూ అటు తిరిగారు.

గిరిజ తిరగలేదు. ఎడమపాదం కింద బియ్యపు గింజంత గరుకు దొరికింది, దాని మీద నిలబడింది. కుడిచెయ్యి పైన చీలికను తడిమి పట్టింది. భుజం మండింది, వేలి కొస చీరుకుపోయింది, అయినా పట్టు సడలలేదు. ఇంకో పాదం, ఇంకో పట్టు. చివరికి రెండు అరచేతులూ గుండు నెత్తిన ఆనాయి. తన మొత్తం బరువును తానే పైకి లాగి, నిటారుగా నిలబడింది. కింద పత్తి జిన్నింగు మిల్లుల రేకులు, రైలు పట్టాలు, బస్సులు, ఊరు ఊరంతా. గొంతులోంచి కేక ఒకటి దానంతటదే వచ్చింది, పదమూడేళ్ళ పిల్ల కేక. కింద టీచర్లు చప్పట్లు కొట్టారు.

"అయిపాయ గదా. దిగు, పోదాం" అన్నాడు శంకరన్న, తల వెనక్కి విరిచి చూస్తూ.

గిరిజ ఆయాసం తీరేదాకా ఆగి, వంగి, అందరికీ వినబడేలా చెప్పింది.

"మీరు పోండి. అక్కకు వండిపెట్టండి. నాకింగా ఇంకొక రాయి ఉంది."