గాలి పోతే కాళ్ళెక్కడ?

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకాన్నట నేను. ఆ మాట అనేది మా ఆవిడే, అదీ వాళ్ళ అన్నయ్య ముందే. అయితే నేను మూడేళ్ళు కూర్చుని చేసిన యుద్ధవిమానానికి నిజంగానే మూడు కాళ్ళు: రెక్కల కింద రెండు, తోక కింద ఒకటి. రిమోట్‌తో ఎగిరే బొమ్మే గానీ పద్దెనిమిది కిలోలు. గాల్లోకి లేవగానే రెక్కల కింది కాళ్ళు లోపలికి ముడుచుకోవాలి, దిగేముందు మళ్ళీ బయటికి రావాలి.

తంటా అంతా ఆ కాళ్ళ దగ్గరే వచ్చింది.

"మోటారుతో నడిచేవి కొను బావా, నమ్మకంగా ఉంటాయి," అన్నాడు మా ఆవిడ అన్నయ్య. ఇలాంటివి డజను ఎగరేసినవాడు. అతను చెప్పాడు కదా, అందుకే నేను గాలితో నడిచేవి కొన్నాను. విమానం పొట్టలో చిన్న సీసా, అందులో పంపుతో గాలి కొట్టడం, అంతే. మీట నొక్కితే కాళ్ళు బుస్సుమంటూ నిదానంగా ముడుచుకుంటాయి. అబ్బ, ఏం దర్జా!

ఆ బుస్సుకి మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"గ్యాసు లీకవుతోందనుకుని హడలి చచ్చానండీ!" కాసేపు కాళ్ళకేసి చూసి ఒక్కటే అడిగింది. "గాలి పోతే ఇవి కిందికొస్తాయా, పైనే ఉండిపోతాయా?"

"శుభమా అంటూ కొత్తవి కొంటే గాలెందుకు పోతుంది?"

"సరే. పోయినసారి చేసిన విమానం ముక్కలైంది. ఇదీ విరిగిందంటే మీరు విమానాలు చేసుకునే ఈ గది నాది. నా కుట్టుమిషను మూడేళ్ళుగా మంచం కిందే ఉంది."

"కావాలంటే రాసిస్తా," అన్నాను. ఎంత పొగరో చూడండి.

ఆదివారం ముగ్గురం మైదానానికి వెళ్ళాం. విమానం లేచింది, కాళ్ళు ముడుచుకుంది, రెండు చుట్లు తిరిగింది. ఆనందంతో నాకు కళ్ళనీళ్ళొచ్చేశాయి. ఇక దించుదామని మీట నొక్కాను. కాళ్ళు రాలేదు. మళ్ళీ నొక్కాను. ఊహూఁ. గాలి ఎక్కడో కారిపోయింది. మూడేళ్ళ కష్టం, గది, పరువు అన్నీ నెత్తిమీద గిరగిరా తిరుగుతున్నాయి.

"బావా," అన్నాను చచ్చినట్టు, "నువ్వు దించు."

చెప్పానా లేదా అంటాడనుకున్నాను. అనలేదు మహానుభావుడు. రిమోట్ అందుకుని, పొడుగు గడ్డిలో విమానాన్ని పొట్టమీద పడుకోబెట్టాడు. ముక్కున ఉన్న ఫ్యాను తప్ప ఏమీ విరగలేదు. నేను అతన్ని గట్టిగా వాటేసుకున్నాను. ఇరవయ్యేళ్ళ చుట్టరికంలో అదే మొదటిసారి.

"ఫ్యాను విరిగింది కదా," అంది వెనకనుంచి మా ఆవిడ. "గది నాది."

మాటంటే మాటే. ఇప్పుడు కిటికీ పక్కన కుట్టుమిషను, వరండాలో నేనూ నా విమానమూ. దానికి వేరే కాళ్ళు కొన్నాను: గాలి పోతే లోపలి స్ప్రింగు వాటిని కిందికి తోసేస్తుంది. బావ చెప్పినవీ కావు, నేను పట్టుబట్టినవీ కావు. కుందేటికి ఇప్పటికీ మూడే కాళ్ళు. కాకపోతే ఈసారి దాన్ని పట్టింది మా ఆవిడ.