నాలుగో నంబరు గంబూట్లు

మా స్టోర్‌కి ఒక కిటికీ ఉండేది. ఇనుప చట్రం, అవతల గని, ఇవతల నేను. గ్లౌజులు చిరిగినా, టోపీ పట్టీ తెగినా, గ్రీజు డబ్బా నిండుకున్నా ఎవడైనా ఆ కిటికీ దగ్గరికి వచ్చి నడుం వంచి అడగాల్సిందే. ఎందుకంటే దాన్ని కావాలనే కిందికి పెట్టించాను. ఇరవై రెండేళ్లు ఫోర్‌మన్లనీ, ఇంజినీర్లనీ కూడా వంగిన భంగిమలోనే చూశాను. నిటారుగా నిలబడితే వాళ్ల మొహాలు గుర్తుపట్టడం నాకు కష్టమయ్యేది.

నా పేరు కూర్మారావు. మాది శ్రీకాకుళం పక్క. కిరండోల్ రైలు లైను వేసిన రోజుల్లో మా నాన్న పట్టాల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను ఈ ఇనుప కొండ మీద స్టోర్‌కీపర్నయ్యాను. 'లేదు' అనడం నా ఉద్యోగంలో సగం. ఉన్నదాన్ని వెంటనే ఇచ్చేస్తే మనిషికి విలువుండదు. ఈ మాట నాకెవరూ నేర్పలేదు, సీట్లో కూర్చున్న వారానికే దానంతట అదే వచ్చేసింది.

ఆ ఏడు ఎండాకాలంలో హైదరాబాదు నుంచి ఒకాయన లాప్‌టాప్ పట్టుకుని దిగాడు. మమ్మల్నందర్నీ క్యాంటీన్లో కూర్చోబెట్టి గోడ మీద బొమ్మలు చూపించాడు. ఇకనుంచి ఎవరికి కావలసింది వాళ్లే కంప్యూటర్లో అడుగుతారట. వస్తువు బొమ్మ నొక్కాలి, ఎన్ని కావాలో వేయాలి, మంజూరు చేసే అధికారి పేరు ఎంచుకోవాలి, కారణం రాయాలి. అంతే, ఇండెంటు వెళ్లిపోతుంది. "స్టోర్ కిటికీ చుట్టూ తిరిగే బాధ ఉండదు" అని నా వైపు చూసి నవ్వాడు. క్యాంటీనంతా చప్పట్లు కొట్టింది. ఎవరెవరు గట్టిగా కొట్టారో నేను గుర్తుపెట్టుకున్నాను.

ఇది బాగా నడిస్తే కిటికీకి పలకలు కొట్టేస్తామన్నారు. పైగా చదువురాని వాళ్లకి సాయం చేయమని రోజూ రెండు గంటలు నన్నే క్యాంటీన్లో ఆ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. సరే, చేస్తాను సాయం అనుకున్నాను. ఎవరేం చెబితే అదే కొడతాను. అక్షరం ఎక్కువ కొట్టను, తక్కువ కొట్టను, నాకు తెలిసింది చెప్పను. మూడు వారాల్లో వీళ్లే కిటికీ కావాలని ధర్నా చేస్తారని నా అంచనా.

మొదట బుధ్రాం వచ్చాడు, డంపర్ డ్రైవరు. సబ్బు కావాలన్నాడు. ఎన్ని అన్నాను. ఒకటి అన్నాడు. ఆ గడిలో ఒకటి అంటే ఒక పెట్టె అని నాకు తెలుసు, అతనికి తెలీదు. వర్షాకాలమంతా అతని డంపర్ కొత్త పెళ్లికూతురిలా ఘుమఘుమలాడింది.

తర్వాత దేవుడమ్మ వచ్చింది. ఆమె సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. కొండ మీంచి ఖనిజాన్ని కిందికి మోసే బెల్టు ఉంది కదా, దాని మీంచి రాలిపడే మట్టినీ రాళ్లనీ కింద ఊడ్చే ఆడవాళ్లు పన్నెండు మంది. అందులో ఆమె ఒకతె. మనిషి పొట్టి, పాదం మరీ చిన్నది. ఆరేళ్లుగా నాలుగో నంబరు గంబూట్లు అడుగుతోంది. ఆరేళ్లుగా నేను, ఏడుకి తక్కువ లేదంటున్నాను. ఏడో నంబరు బూట్లలో గుడ్డలు కుక్కుకుని పని చేస్తోంది. వానల్లో ఆ గుడ్డ తడిసి ముద్దవుతుంది, బూటు బురదలో ఉండిపోతుంది, కాలు మాత్రం బయటికొస్తుంది. పోయిన వానల్లో అలాగే పడింది. బెల్టు కింద తిరుగుతున్న రోలరుకి ఆమె చెయ్యి జానెడు దూరంలో ఆగింది. ఈ సంగతి గనిలో అందరికీ తెలుసు, నాకూ తెలుసు.

మరి నాలుగో నంబరు నిజంగా లేదా? ఉంది. పై అరలో పన్నెండు జతలు, మెరుస్తూ, లోపల కుక్కిన కాగితం కూడా తియ్యకుండా ఉన్నాయి. అవి విజిటర్ బూట్లు. పెద్ద అధికార్ల భార్యలూ పిల్లలూ కొండ చూడ్డానికి వచ్చినప్పుడు వేసుకోవడానికి. పనివాళ్లకి ఇవ్వొద్దని ఎప్పుడో ఒక సాహెబ్ చెప్పాడు. ఆయన బదిలీ అయిపోయి తొమ్మిదేళ్లయింది, ఆ మాట మాత్రం నా దగ్గర ఉండిపోయింది.

"బాబూ, మీ మిషన్లో నా బూట్లున్నాయేటి?" అంది దేవుడమ్మ.

"ఉన్నాయో లేవో అదే సెప్తాది. అడిగి సూడు" అన్నాను.

బూటు బొమ్మ నొక్కింది. నంబరు నాలుగు, జత ఒకటి. తర్వాత గడి దగ్గర ఆపాను. నాకు కావలసిన తమాషా అక్కడే ఉంది.

"మంజూరు సేసీ అధికారి పేరు సెప్పు."

"నీకు తెల్దా?"

"నాకు తెలిస్తే సరిపోదు. ఎవుల ఇండెంటు ఆలదే. నీ నోటితో సెప్పాల."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బెల్టు ఫోర్‌మన్ పైడయ్య ఆమె మొగుడు. పెళ్లయి ఇరవై ఎనిమిదేళ్లు, ఒక్కసారి కూడా ఆ పేరు నాలిక మీదికి రానివ్వలేదు. పైడితల్లి జాతర అనాల్సి వస్తే 'విజీనారం అమ్మోరి పండగ' అంటుంది. అది తెలిసే అడిగాను.

"ఆయనే" అంది.

"ఆయనే అన్నోడు ఇందులో ఎవుడూ లేడు."

"బెల్టు మేస్త్రీ అని కొట్టు."

"పేరు కావాలంతంది."

వెనక వరసలో ఉన్నవాళ్లు నవ్వడం మొదలెట్టారు. ఆమె కాసేపు తెర వంక చూసింది. "అలగయితే ఆయన పైనున్నోల పేరు ఎయ్యి" అంది.

"ఆ పైన ఇంజినీరు, సింహాచలం గారు. సెప్పు ఆ పేరు."

నాలిక కరుచుకుంది. "అది మా మావగారి పేరు. నానెత్తకూడదు."

"ఆ పైన మేనేజరు రాజేశ్వరరావు గారు."

"మా పెద్దబావగారు బాబూ. బొబ్బిలిలో పోస్టుమేను."

ఆమె అత్తింటివారంతా మా ఆఫీసులో అధికార్లై కూర్చున్నారని నాకప్పటిదాకా తెలీదు. వరసలో ఉన్నవాళ్లు పని మానేసి దగ్గరికొచ్చారు.

"ఇంకా పైన ఎవులు?" అంది దేవుడమ్మ.

"ఇంక బడే సాబే. గనికంతటికీ పెద్ద. చందేల్ సాబ్."

"చందేల్" అంది గట్టిగా. నోటికి అడ్డం లేని పేరు దొరికినందుకు ఆమెకి ప్రాణం లేచొచ్చింది. "చందేల్, చందేల్. మాకేటీ సుట్టం కాడు. ఎయ్యి."

అప్పుడు నేను ఆపొచ్చు. పైడయ్య పేరు నేనే నొక్కితే అయిపోయేది. కానీ మూడు వేల మందిని నడిపే మనిషికి ఒక్క జత బూట్ల ఇండెంటు వెళ్తే, ఆయన సాయంత్రానికల్లా ఈ కంప్యూటర్ని మూట కట్టించి హైదరాబాదు పంపించేస్తాడు. ఇంతకంటే మంచి అవకాశం రాదు. చందేల్ పేరు నొక్కాను. హైదరాబాదాయన ఆ గడికి తాళం పెట్టలేదు. పక్కనే ఫోర్‌మన్ ఉండగా ఎవరైనా అంత పైకి వెళ్తారని అతను అనుకోలేదు.

"కారణం సెప్పు."

దేవుడమ్మ హిందీలోకి మారింది. చందేల్‌కి చెప్పేది హిందీలోనే చెప్పాలి కదా. ఆమె చెప్పిన వరసలోనే నేను కొట్టుకుంటూ పోయాను: నా పాదం చిన్నది, ఇచ్చే బూటు పెద్దది. మధ్యలో గుడ్డలు కుక్కుతాను. పోయిన వానల్లో బూటు ఊడి పడ్డాను, జానెడు తేడాలో చెయ్యి దక్కింది. మళ్లీ వానలొస్తున్నాయి, ఈసారి జానెడు ఉంటుందో లేదో తెలీదు. స్టోర్ బాబు లేవంటాడు. ఆయన పై అరలో పన్నెండు జతలున్నాయి. అవి ఎవరి కాళ్ల కోసం దాచాడో ఆ కాళ్లని వచ్చి బెల్టు కింద ఊడ్చమనండి.

నా వేళ్లు ఆగిపోయాయి. పై అర సంగతి ఈమెకెలా తెలిసింది? తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. కిటికీ కిందికి పెట్టించినప్పుడు పొడుగువాళ్లని లెక్కలోకి తీసుకున్నాను గానీ పొట్టివాళ్లని తీసుకోలేదు. దేవుడమ్మ నడుం వంచక్కర్లేదు. నిలబడితే చాలు, కళ్లు కిటికీ ఎత్తులో ఉంటాయి, చూపు నేరుగా పై అర మీదికి పోతుంది. ఆరేళ్లు నేను లేదంటున్నప్పుడల్లా ఆమె ఆ బూట్లనే చూస్తూ నిలబడిందన్నమాట.

"కొట్టీసావా?" అంది.

"కొట్టీసాను."

ఆమెకి చదువు రాదు. వెనక్కి తిరిగి బుధ్రాంని పిలిచింది. "జర పఢ్ దే భయ్యా." నా ఖర్మ, సబ్బు సంగతి అతనికి అప్పటికే తెలిసిపోయింది. తెర దగ్గరికి వంగి చూసి, పై అర మాట ఇందులో లేదన్నాడు. ఆ మాటా కొట్టాను. అతను మళ్లీ మొదట్నుంచి, క్యాంటీన్ చివరిదాకా వినపడేట్టు, చదివాడు. ఇండెంటు వెళ్లిపోయింది.

చందేల్ సాబ్ ఆ రోజు జగదల్‌పూర్‌లో ఏదో మీటింగులో ఉన్నాడు. ఆయన ఫోనులో ఇండెంటు కింద ఇంకో వరస కూడా కనపడిందట: నాలుగో నంబరు, నిల్వ పన్నెండు జతలు. కనపడదా మరి. ఏప్రిల్లో స్టోర్‌లో ఉన్న ప్రతి వస్తువునీ కంప్యూటర్లోకి ఎక్కించింది నేనే. మనుషులకి లేదని చెప్పడం నాకు చేతనవును గానీ, రాతలో ఒక్క మేకు కూడా తప్పు రాయలేను. మధ్యాహ్నం మూడింటికి జవాబొచ్చింది. 'ఆజ్ హీ.' ఈ రోజే ఇవ్వమని.

దేవుడమ్మ కిటికీ దగ్గరికి రాలేదు. తలుపు తోసుకుని లోపలికే వచ్చి, నా స్టూలు మీద కూర్చుని పాత బూట్లు విప్పింది. ఒక్కో బూటులోంచి గుడ్డముద్దలు లాగింది. బొటనవేళ్లకి గోళ్లు లేవు. మడమ మీద చర్మం చెప్పు అట్టలా గట్టిపడిపోయింది. నేను నిచ్చెనెక్కి జత తెచ్చి, కాగితం తీసి, ఆమె ముందు పెట్టాను. కాలు అందులోకి అలవాటైన ఇంట్లోకి వెళ్లినట్టు వెళ్లింది. లేచి నిలబడి నాలుగడుగులు వేసి చూసుకుంది. నాకు సిగ్గేసింది. ఆ నాలుగడుగుల కోసం ఆరేళ్లు నా ముందు నిలబడిన మనిషికి నేను తల కూడా ఎత్తకుండా లేదన్నాను.

"బాగున్నాయి బాబూ" అని, గుడ్డముద్దలు కొంగులో మూట కట్టుకుని వెళ్లిపోయింది.

గుమ్మంలో పైడయ్య ఎదురయ్యాడు. మొహం కందగడ్డలా ఉంది. "నన్నడిగితే నానియ్యనా? బడే సాబ్ దాకా ఎల్లిపోతావా?" అన్నాడు.

"పేరెట్టి అడగమన్నాడు ఈ బాబు" అంది ఆమె. పైడయ్య నా వైపు చూశాడు. నేను నిచ్చెన తుడుస్తున్నట్టు నటించాను.

మర్నాటి నుంచి మిగతా పదకొండు మందీ అవే బూట్లకి వచ్చారు, వాళ్లూ ఏడో నంబరులో గుడ్డలు కుక్కుకుంటున్నవాళ్లే. ఒక్కరికీ అధికారి పేరు నోటికి రాలేదు. సోమమ్మ మొగుడు గనిలో పనే చెయ్యడు, దోర్నపాల్లో కిరాణా కొట్టు నడుపుతాడు. "నీకేటి అడ్డం?" అని అడిగాను. "మంది ఎత్తనప్పుడు నేనొక్కదాన్నే ఎట్ల ఎత్తుత? చందేల్ అనే రాయి" అంది. హైదరాబాదాయన ఫోన్ చేసి, ఇండెంట్లన్నీ పైకే ఎందుకు పోతున్నాయని అడిగాడు. మర్యాద సార్ అన్నాను. చందేల్ సాబ్ మాత్రం, కింది నుంచి వచ్చే రిపోర్టుల కంటే ఈ కారణాల గడే నయం, ఏదీ మార్చొద్దు అన్నాడట. మూడు రోజుల్లో పై అర ఖాళీ అయింది. నెల తిరక్కుండా నా కిటికీకి పలకలు కొట్టేశారు. నేను చేసిన సాయానికి మెచ్చి నన్ను పూర్తిగా క్యాంటీన్లో కంప్యూటర్ దగ్గరే కూర్చోబెట్టారు. ఇప్పుడు కూర్చున్నది నేను, నిలబడి నా నెత్తి చూసేది వాళ్లు.

శ్రావణంలో ఒక ఉదయం చందేల్ సాబ్ భార్యని తీసుకుని వచ్చాడు. ఆవిడకి మబ్బుల్లో కొండ చూడాలని ఉందట. విజిటర్ బూట్లు తెమ్మని కబురొచ్చింది.

"లేవు సాబ్" అన్నాను. ఇరవై రెండేళ్లలో నేను నిజంగా లేదన్నది బహుశా అదే మొదటిసారి. "ఏడు కంటే చిన్నది లేదు." ఆయన ఏదో అనబోయి, ఆ పన్నెండు జతలూ ఎక్కడికెళ్లాయో గుర్తొచ్చి, ఆ ఏడే తెమ్మన్నాడు.

మేడం ఏడో నంబరు వేసుకుంది. బెల్టు దగ్గర పది అడుగులు వెయ్యగానే బూటు బురదలో ఉండిపోయింది, మేడం తెల్లటి పాదం గాల్లో నిలబడింది. అక్కడే ఊడుస్తున్న దేవుడమ్మ పార పక్కన పెట్టింది. నాలుగో నంబరు బూట్లతో టకటకా నడిచి వెళ్లి, గోడ మేకుకి తగిలించిన మూట విప్పింది. ఉతికి ఆరేసి దాచుకున్న గుడ్డముద్దలు. ఎక్కడెంత కుక్కాలో హిందీలో చెప్పి తనే సర్దింది. మేడం ఆమె భుజం పట్టుకుని, రెండుసార్లు జారి, ఎలాగో క్యాంటీన్ దాకా వచ్చి బెంచీ మీద కూలబడింది.

"వీటితో మీరెలా నడుస్తారు? చిన్న నంబరు తెప్పించరా?" అని నన్నడిగింది.

కీబోర్డు దగ్గరికి లాక్కున్నాను. "తెప్పించొచ్చు మేడం. ఇండెంటు పెట్టాలి. కారణం మీరు చెప్పండి, నేను కొడతాను. ముందు మంజూరు చేసే అధికారి పేరు చెప్పండి."

మేడం చందేల్ సాబ్ వైపు చూసింది. నోరు తెరిచింది. తెరిచి, ఆగి, పల్లూ నోటికి అడ్డం పెట్టుకుని తల దించేసింది.

దేవుడమ్మ నా దగ్గరికి జరిగి మెల్లగా అంది. "ఆయమ్మ ఎత్తదు బాబూ. చందేల్ అని నాను సెప్తాను, కొట్టు."