గువ్వ గడ మీది యాంటెన్నా

రుస్దీ గొంతు ఆ ఉదయం కూడా ముక్కలు ముక్కలుగానే వచ్చింది. సల్మియా ఫోను చెవికి నొక్కుకుని వంటింట్లోంచి ముందుగదిలోకి, అక్కణ్ణుంచి కిటికీ దగ్గరికి నడిచింది. గోడకు బిగించిన, ఫోను సిగ్నల్ పెంచే బూస్టర్ పెట్టె మీద ఎర్రదీపం ఆరుతూ వెలుగుతూ ఉంది.

"అబాంగ్, ఇంకోసారి చెప్పండి. ఏమీ వినపడలేదు."

"...చెప్పా కదా... ఆ బట్టలు... ...మియా, వింటున్..."

"ఏ బట్టలు?"

"...కసురుతావేంటి..."

"నేను కసరలేదు! గట్టిగా మాట్లాడుతున్నానంతే."

ఫోను కట్టయింది.

ఆమె అబాంగ్ అని పిలుచుకునే భర్త రుస్దీకి సముద్రం మధ్య చమురు బావి మీద పని. రాత్రి డ్యూటీ దిగాక, నిద్రకు ముందు దొరికే ఆ కాస్త సమయమే వాళ్ళ సంసారం. కిందటిసారి అతను, ఇంకో విడత ఇక్కడే ఉండిపోనా అని అడిగాడు. ఆమె "తా బొలే" అంది, కుదరదని. ముందున్న "తా" దారిలో ఎక్కడో రాలిపోయి, "బొలే" ఒక్కటే అతన్ని చేరింది. కుదురుతుందనుకుని సంతకం పెట్టేశాడు. అతను లేకుండానే జరిగిన, తమ పాప ఖురాన్ మొదటిసారి చదవడం ముగించిన విందులో పసుపన్నం అందరికీ వడ్డించింది గానీ, సల్మియా తను మాత్రం తినలేకపోయింది.

బూస్టర్ అమ్మిన దుకాణం అతను రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళాడు, రెండుసార్లూ మధ్యాహ్నమే. "ఎర్రదీపం వెలిగిందంటే బయటి యాంటెన్నా టవర్ని వదిలేసి ఇంట్లోని యాంటెన్నా మాట వింటోందని అర్థం అక్కా. తన గోల తనకే వినపడి పెట్టె గొంతు తగ్గించుకుంటుంది. ఇప్పుడు చూడండి, పచ్చగా ఉంది. ఫోన్లో మీ ఆయన మీద అరవకుండా చూసుకోండి, అంతే" అని నవ్వి పోయాడు.

ఫోను చేతిలో పట్టుకుని సల్మియా కిటికీలోంచి చూసింది. పెరట్లో మామగారు ఆవాంగ్ తాడు లాగుతున్నాడు. గడ చివరికి చేరిన వెదురు పంజరంలో సుతెరా కూస్తోంది. అది చారల గువ్వ. ఉదయపుటెండలో ఎత్తున వేలాడితేనే దానికి గొంతు విచ్చుకుంటుంది. ఆయన తాడును ఇంటివైపు గుంజకు కట్టి, చెయ్యి దులుపుకున్నాడు. పంజరం బరువుకీ తాడు లాగుడుకీ ఇనుప గడ మెల్లగా తిరిగింది. దానికి బిగించిన యాంటెన్నా ముక్కు టవర్ దిక్కు వదిలి, ఇంటి రేకుల కప్పువైపు తిరిగి నిలబడింది.

ఆమెకు అర్థమైపోయింది. మధ్యాహ్నం పంజరం దించుతారు, గడ మళ్ళీ టవర్ వైపు తిరిగిపోతుంది. అందుకే దుకాణం అతనికి దీపం ఎప్పుడూ పచ్చగానే కనపడింది.

చెప్పేస్తే సరిపోయేది. కానీ ఆ గడ ఇచ్చింది ఆయనే. యాంటెన్నా ఎక్కడ పెట్టాలని దుకాణం అతను తల గోక్కుంటుంటే, "నా గడకు కట్టండి, నా కొడుకు గొంతూ నా పిట్ట గొంతూ ఒకచోటే ఉంటాయి" అన్నాడు. ఇప్పుడు దాని వల్లే అంటే ఏమనుకుంటాడో. యాంటెన్నా మార్పించాలంటే మళ్ళీ దుకాణం అతణ్ణి పిలవాలి, మళ్ళీ ఆ నవ్వు వినాలి. ఇలా రకరకాలుగా ఆలోచించి, చివరికి అన్నిటికంటే సులువైన దారి పట్టింది.

"నాన్నా, సుతెరా ఈకలు రాలుస్తోంది" అంది పంజరం శుభ్రం చేస్తూ. "పైన గాలి పడటం లేదేమో."

ఆవాంగ్ కళ్ళకు శుక్లాలు. పంజరం అడుగున ఏముందో ఆయనకు కనపడదు. "చాలా రాలాయా, మెక్?" కోడల్ని ఆయన ముద్దుగా మెక్ అనే పిలుస్తాడు.

"చాలానే."

రెండు రాలాయి. రెండే.

మర్నాటి నుంచి పంజరం అరుగు మీదే, గుడ్డ కప్పుకుని కూర్చుంది. దీపం పచ్చగా వెలిగింది. రుస్దీ ఆవులింత కూడా స్పష్టంగా వినిపించింది. బట్టల సంగతీ తేలింది, పండక్కి అందరికీ ఒకే రంగు కుట్టిద్దామన్నాడట. ఇద్దరూ నవ్వుకున్నారు. ఫోను పెట్టేశాక ఇల్లంతా నిశ్శబ్దంగా ఉన్నట్టు సల్మియాకు తోచింది.

ఆవాంగ్ పసుపు కొమ్ము దంచి నీళ్ళలో కలిపాడు. గింజలు మార్చాడు. గుడ్డ పక్కకు తీసి, నాలుక అంగిలికి తాకించి పిట్టలా పిలిచాడు. సుతెరా కూయలేదు. ఆయన అన్నం కంచం దగ్గర కూడా చెవి అరుగు వైపే పెట్టి తినేవాడు. సల్మియా చేపల కూర ఇంకాస్త వడ్డించేది. ఆయన వద్దనేవాడు కాదు, తినేవాడూ కాదు.

గువ్వల కూతల పందెం శుక్రవారం. ఆ ముందు రోజు స్నేహితుడు పా లేహ్ వచ్చాడు.

"ఏరా ఆవాంగ్, నీ పిట్ట మౌనవ్రతం పట్టిందటగా. నీ పెళ్ళాం బతికున్నప్పుడు నువ్వు పట్టాల్సిన వ్రతమది!"

ఆవాంగ్ నవ్వలేదు. "తీసుకుపోరా లేహ్. కళ్ళు లేనివాడికి పిట్టెందుకు? ఈకలు రాలుతుంటే కోడలు చెప్పేదాకా నాకు తెలీలేదు. నీ దగ్గరైతే బతుకుతుంది."

"పిచ్చా నీకు? ఇది లేకపోతే పొద్దున్నే ఎవరితో మాట్లాడతావ్?"

"తీసుకుపో అన్నానా! కోపి తాగి తీసుకుపో."

లోపల కోపి కలుపుతున్న సల్మియా చేతిలో చెంచా ఆగిపోయింది. అప్పుడే ఫోను మోగింది.

"మియా, నాన్న బాగానే ఉన్నాడా?" అన్నాడు రుస్దీ.

"ఎందుకలా అడిగారు?"

"పిట్ట వినపడటం లేదు. ఇదివరకు నీ మాటలు తెగిపోతున్నా దాని కూత మధ్యమధ్య వచ్చేది. అది వింటే, హమ్మయ్య, నాన్న లేచాడు, తాడు లాగాడు అనుకునేవాణ్ణి. ఇప్పుడు నీ మాట ఒక్కటీ పోవడం లేదు గానీ..."

"మళ్ళీ చేయండి" అని పెట్టేసింది.

అరుగు మీదికి వచ్చేసరికి పా లేహ్ పంజరం ఎత్తుకుని నిలబడి ఉన్నాడు. సల్మియా కోపి కింద పెట్టింది. చెంగుతో చెయ్యి తుడుచుకుంది. తుడవడం అయిపోయినా తుడుస్తూనే ఉంది.

"పా లేహ్, అది కింద పెట్టండి. నాన్నా, దానికేం జబ్బు లేదు. రాలింది రెండు ఈకలే. పంజరం ఎక్కిస్తే గడ తిరుగుతోంది, ఫోను తెగుతోంది. ఆ మాట చెప్పలేక అబద్ధం చెప్పాను."

పా లేహ్ పంజరం దించి, ఎటు చూడాలో తెలియక కోపి అందుకున్నాడు.

ఆవాంగ్ చెయ్యి చాచి పంజరం ఊచలు తడిమాడు. "గడ తిరుగుతోందని చెబితే, యాంటెన్నా విప్పి కిటికీ కమ్మీకి కట్టేవాణ్ణి కదమ్మా. ఎంతసేపు పని?" అన్నాడు. పంజరం మీది గుడ్డ సర్దుతూ, "నేను పంజరం నీకప్పగించలేదు మెక్. నా కళ్ళు అప్పగించాను" అన్నాడు.

ఆమె తల వంచుకుంది. తిట్టినా బాగుండేది.

యాంటెన్నాను ఆమే విప్పింది. పా లేహ్ నిచ్చెన పట్టుకున్నాడు. ఇంటికి అవతలి కొస కిటికీకి కట్టి, ముక్కు టవర్ వైపు తిప్పి వచ్చి చూస్తే దీపం పచ్చగా ఉంది. అంత చిన్న పని.

శుక్రవారం వాళ్ళు పందేనికి వెళ్ళలేదు. మైదానంలో గడలన్నీ నిలబడే వేళకు ఆవాంగ్ పెరట్లో తన తాడు లాగాడు. పంజరం పైకి వెళ్ళింది. సుతెరా కర్ర మీద అటు ఇటు జరిగి కూర్చుంది. లోపల ఫోను మోగుతోంది. సల్మియా వెళ్ళబోయింది.

"ఉండు" అన్నాడు ఆయన, తాడు వదలకుండా. "చూసి చెప్పు. నోరు తెరిచిందా?"

ఆ గొంతులో కోపం ఉందో లేదో తెలియలేదు. అడిగింది మాత్రం ఆమెనే.

సల్మియా ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. తెరిచింది నాన్నా అంటే ఆయన మొహం ఎలా మారుతుందో ఆమెకు తెలుసు. గువ్వ మెడ దగ్గర సన్నటి ఈకలు కదిలాయి. గాలికో, కూతకో.

"మెడ దగ్గర కదిలింది నాన్నా. గాలికో ఏమో తెలీడం లేదు. నోరైతే తెరవలేదు."

ఆవాంగ్ తల ఆడించి, తాడును గుంజకు కట్టాడు.

"చూస్తూ ఉండు" అన్నాడు.

ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఆమె కదలకుండా చూస్తూ నిలబడింది.