రెండు వేళ్లు లేని తొడుగు

"ఆ గుర్రం కరుస్తుందని మీకు ముందే తెలుసా?"

హెడ్డా ఓంకెన్ అనే తల్లి రాసిన ఉత్తరంలో ఉన్నది ఈ ఒక్క ప్రశ్నే. పందొమ్మిదేళ్ల ఆమె కూతురు సిల్కెను, రాబెన్‌మోర్ అనే మగగుర్రానికి పుట్టిన కొడుకొకడు గుర్రపుసాలలో గోడకు అదిమి, కిందపడ్డాక మోకాళ్లతో నొక్కి చంపాడు. ఆ ఉత్తరాన్ని, రాబెన్‌మోర్‌ను గొలుసు పట్టి నడిపించే ఫోల్కెర్ట్ ఓల్ట్‌మన్స్ పదిహేను రోజులుగా చొక్కా జేబులో మోస్తున్నాడు. ఈ ఉదయం ఆరున్నరకు గుర్రపుసాల గుమ్మంలో నిలబడి ఎడమచేతికి తోలు తొడుగు వేసుకుంటున్నప్పుడు కూడా ఆ కాగితం అతని రొమ్మును గీసుకుంది.

ఆ తొడుగుకు చిటికెనవేలూ ఉంగరపువేలూ లేవు. కొత్త జత కొన్న ప్రతిసారీ ఆ రెంటినీ కత్తిరించి, మైనం పట్టించిన దారంతో రంధ్రాలు మూసి కుట్టుకోవడం అతనికి పదకొండేళ్ల అలవాటు.

రాబెన్‌మోర్‌కు పద్దెనిమిదేళ్లు. ఓల్డెన్‌బర్గ్ పరిసరాల్లో అంతటి విత్తనపు గుర్రం మరొకటి లేదు. డ్రెస్సాజ్ అనే గుర్రపు నడకల పోటీలు జరిగే ప్రతి దేశంలోనూ అతని సంతానం తాళం తప్పని అడుగులు వేసి పతకాలు తెస్తోంది. ముంగిట అతని కంచు విగ్రహం ఉంది. దాని నోరు మూసి ఉంటుంది. పద్నాలుగు వందల పిల్లలకు తండ్రి అయిన ఆ జీవి పద్నాలుగేళ్లుగా ఒక్క ఆడగుర్రాన్నీ తాకలేదు. పచ్చికలో మరో గుర్రం పక్కన నిలబడలేదు. ఆడగుర్రానికి బదులు నిలిపిన, తోలు తొడిగిన మొద్దు మీదికి ఎక్కి వీర్యం ఇవ్వడం, దిగడం, మళ్లీ కటకటాల్లోకి పోవడం: జీవితమంటే అతనికి చూపించింది ఇదే.

చలికాలంలో అచ్చయ్యే గుర్రాల జాబితాలో 'స్వభావం' అని ఒక గడి ఉంటుంది. గొలుసు పట్టుకునేవాడు ఏం చెబితే అందులో అదే వేస్తారు. ఆడగుర్రాలున్నవాళ్లు ఆ మాటనే నమ్ముతారు. ఫోల్కెర్ట్ ఏటా ఒకటే చెప్పాడు: సాధువు. వేళ్లు తెగిన ఏడు కూడా అదే చెప్పాడు. ఆసుపత్రిలో మాత్రం, బండి తలుపు కింద నలిగాయని రాయించి సంతకం పెట్టాడు. తన గుర్రమే తనను కరిచిందని ఒప్పుకోవడం గొలుసు పట్టేవాళ్లలో తల కొట్టేసినంత పని. అతని తండ్రికి గుర్రం తన్ని దవడ విరిగితే, మెట్ల మీద జారానని చచ్చేదాకా చెప్పుకున్నాడు. యజమానురాలు అల్ముట్ ల్యూషెన్‌కు మాత్రం నిజం తెలుసు. గడ్డిలో వేళ్లను వెతికి రుమాల్లో చుట్టి ఇచ్చింది ఆవిడే.

"ఏమోయ్ ఓల్ట్‌మన్స్, పెళ్లికొడుకు ఎలా ఉన్నాడు?" అన్నాడు పశువైద్యుడు వెంపె, గాజుగొట్టాలు సర్దుతూ.

"మీకంటే నయం డాక్టరు గారూ. పొద్దున్నే మొహం కడుక్కున్నాడు."

మొద్దు ఇంకా నాలుగడుగుల దూరంలో ఉంది. గుర్రం చెవులు మెడకు అంటుకుపోయాయి. అంతకు మించి హెచ్చరిక లేదు. పళ్లు ఫోల్కెర్ట్ భుజంలో దిగాయి. మనిషి గాలిలోకి లేచి ఇటుకగోడకు కొట్టుకున్నాడు. ముందుకాలి గిట్ట ఎడమ పక్కటెముకల కింద ఒకసారి, అదే చోట మరోసారి పడింది. అతను గొలుసు వదల్లేదు. పైపెదవి కింద బిగించి ఉన్న దాన్ని బలం కొద్దీ రెండుసార్లు గుంజాడు. చిగురు తెగి గుర్రం నోట్లోంచి నెత్తురు కారింది. ఇద్దరి నెత్తురూ ఒకే రంపపు పొట్టు మీద పడింది. అప్పుడు గుర్రం మొద్దు మీదికి ఎక్కింది. అర నిమిషంలో పని ముగిసింది.

"బంగారం!" అన్నాడు వెంపె, గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూస్తూ. తర్వాత ఇటు తిరిగాడు. "నీకేమైనా తగిలిందా?"

"కాలు జారింది, అంతే."

గుమ్మంలో అల్ముట్ నిలబడి ఉంది. "చొక్కా మార్చుకో ఫోల్కెర్ట్. పదకొండింటికి డెన్మార్క్ వాళ్లొస్తున్నారు."

మార్చుకున్నాడు. ఉత్తరాన్ని కొత్త చొక్కా జేబులోకి మార్చాడు. పొట్టలో బరువుగా, వెచ్చగా ఏదో నిండుతోంది.

డెన్మార్క్ దంపతులు విగ్రహాన్ని ఫోటో తీసుకుని సాలలోకి వచ్చారు. భార్య నేరుగా ఫోల్కెర్ట్‌నే అడిగింది: "మాకు ఆడపిల్లలున్నారండీ. పుట్టబోయే కూనను వాళ్లే చూసుకుంటారు. తండ్రి నెమ్మదస్తుడేనా?"

ఫోల్కెర్ట్ చెయ్యి జేబు మీదికి వెళ్లింది.

"కరుస్తాడు," అన్నాడు. "మనిషిని చంపేదాకా వదలడు. వీడి కొడుకులూ అంతే."

అల్ముట్ పకపకా నవ్వింది.

"మా ఫోల్కెర్ట్‌తో ఇదే గొడవండీ! గుర్రాన్ని ఎవరికీ ఇవ్వబుద్ధి కాదు. కన్నకొడుకులా పెంచాడు మరి."

ఫోల్కెర్ట్ తొడుగు ఊడదీసి చేతిని ముందుకు చాపాడు.

"అది బండి తలుపు కదా!" అంది అల్ముట్ మెత్తగా. "ఆసుపత్రి కాగితం మీద సంతకం కూడా నీదే. ఏం, కాదా?"

సంతకం తనదే. అతను చేతిని వెనక్కి తీసుకున్నాడు. డెన్మార్క్ ఆయన నవ్వుతూ అతని మంచి భుజం తట్టాడు. దంపతులు ఆఫీసులోకి వెళ్లి రెండు ఆడగుర్రాలకు ఒప్పందం రాసుకున్నారు.

జీనుల గదిలో ఫోల్కెర్ట్ తొడుగును మేకుకు తగిలించాడు. కలకండ వేసి టీ పోసుకున్నాడు. పైన మీగడ వేసుకునే ఓపిక లేకపోయింది. ఉత్తరం తీసి, ప్రశ్న కిందే రాశాడు: 'తెలుసు. పదకొండేళ్లుగా తెలుసు.' చెక్కపెట్టె మీద కూర్చుని, గోడకు ఆనుకుని, కళ్లు మూసుకున్నాడు. గిట్ట దెబ్బకు లోపల తెగిన చోటు నుంచి నెత్తురు ఏ చప్పుడూ చేయకుండా కారిపోయింది. మధ్యాహ్నం అల్ముట్ వచ్చేసరికి టీ చల్లారింది, మనిషీ చల్లారాడు.

ఆమె ఉత్తరం చదివింది. నాలుగు మడతలు పెట్టి తన సంచిలో వేసుకుంది. గుండె ఆగిందని అందరికీ చెప్పింది. అరవై దాటిన మనిషి కాబట్టి అందరూ నమ్మారు. ఆ చలికాలం జాబితాలోనూ ఆ గడిలో 'సాధువు' అనే ఉంది. రాబెన్‌మోర్ రేపు చచ్చినా ఇబ్బంది లేదు. చలిపెట్టెల్లో గడ్డకట్టించి దాచిన వీర్యం ఇంకో ముప్పై ఏళ్లకు సరిపోతుంది.

తొడుగును మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అది ఎవరి చేతికీ పట్టదు. జాబితాలు చూసి, పతకాలు చూసి చప్పట్లు కొట్టేవాళ్లారా, దాన్ని మేకు నుంచి తీయండి. మీ ఎడమచేతికి ఎక్కించండి. చివరి రెండు వేళ్లూ ఎక్కడ ఆగిపోతాయో చూసుకోండి. హెడ్డా ఓంకెన్‌కు జవాబు ఇక మీరే రాయండి. రాసి ముగించేదాకా ఆ తొడుగు తీయకండి.