అరలీటరు

మా ఆయన గిద్యోను రోజుకి తాగదగ్గ నీళ్ళు అరలీటరే. ఆ సీసా నా దగ్గరే ఉంటుంది. గుమ్మంలోకి ఎవరొచ్చినా ముందు మంచినీళ్ళిచ్చే ఊళ్ళో, కట్టుకున్నవాడికి గుక్కలు లెక్కపెట్టి పోసే రాత నాది.

పదిహేనేళ్ళు కలకత్తాలో ఓ హోటల్లో సాక్సోఫోన్ వాయించాడు. జాజ్ అంటారట. పాటని పట్టుకుని దారి తప్పించడం, ఎక్కడెక్కడో తిప్పి మళ్ళీ ఇంటికి చేర్చడం. అక్కడ కాపురం పెట్టిన కొత్తలో ఇదేం సంగీతమని విసుక్కున్నాను. తర్వాత అది వినకపోతే నాకు తోచేది కాదు. కిడ్నీలు పాడయ్యాక వజ్రపుకొత్తూరు పక్కన మా ఊరికి తెచ్చేశాను. మంగళ, గురు, శనివారాలు ఆటోలో పలాస వెళ్ళి నాలుగేసి గంటలు డయాలసిస్ మిషను పక్కన పడుకోవాలి. మిగతా రోజులు దాని కోసమే కాసుకుని కూర్చోవాలి. గుంజకి కట్టిన ఆవుకైనా తాడు ఇంతకంటే పొడుగుంటుంది.

పోయిన నెల సైమన్ ఫోన్ చేశాడు. పాత బృందంలో పియానో అతనిది. పాతవాళ్ళతో కలకత్తాలో ఓ ఆదివారం కచేరీ పెడుతున్నాడట, సాక్సోఫోన్ నువ్వేనన్నాడు. మా ఆయన క్యాలెండరు ముందు నిలబడ్డాడు. శనివారం మిషను దిగి రాత్రి బండెక్కితే, ఆదివారం వాయించి, సోమవారానికి పలాసలో దిగొచ్చు. మంగళవారం మళ్ళీ మిషను. సరిగ్గా సరిపోయింది. డాక్టరు కూడా సరేనన్నాడు. జబ్బు సంగతి సైమన్‌కి తెలీదు. వచ్చేసేటప్పుడు ఊళ్ళో పనుందనే చెప్పాడు.

సాధన మొదలైంది. నోట్లో పెట్టి ఊదే సన్నటి బద్ద, రీడంటారు, అది తడిగా ఉంటే గానీ సాక్సోఫోన్ పలకదు. ఆయన నోరేమో ఎప్పుడూ ఎండిపోయే ఉంటుంది. స్వరం మధ్యలో కీచుమని విరిగిపోయేది. పెట్టె మూసి గోడకేసి తిరిగి కూర్చునేవాడు. చూసి చూసి ఇక చూడలేకపోయాను. ప్రయాణానికి ముందురోజు, శుక్రవారం, సీసా రెండుసార్లు నింపాను. అది చాలక దొడ్లో చెట్టు బొండాం కొట్టిచ్చాను. మా ఉద్దానంలో జ్వరానికీ బొండామే, నీరసానికీ బొండామే. అది ముట్టొద్దని డాక్టరు వెయ్యిసార్లు చెప్పాడు. ఒక్కటే కదా అనుకున్నాను. ఆయన వాయించిన తీరుకి మురిసిపోయి, బుద్ధి గడ్డి తిని, రెండోదీ కొట్టాను. ఆ సాయంత్రం పాట ఎంత దూరం పోయిందో, ఎంత నెమ్మదిగా ఇంటికి వచ్చిందో నాకే తెలుసు.

తెల్లారేసరికి ఆయాసం. పలాస ఆసుపత్రిలో చూసి, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. మిషను మీద బీపీ పడిపోయింది, సగంలో ఆపేశారు. ఆదివారం పొద్దున్న మళ్ళీ రమ్మన్నారు. ప్రయాణం మాటే ఎత్తొద్దన్నారు. ఆయన నన్ను తిట్టినా బాగుండేది.

మంచం మీద నుంచే సైమన్‌కి ఫోన్ చేశాడు. హిందీలో, నవ్వుతూ, ఇక్కడ ఓ పెళ్ళి బ్యాండు ఒప్పుకున్నానని, వాళ్ళు వదలడం లేదని చెప్పాడు. అవతల గొంతు నాకూ వినిపిస్తూనే ఉంది. జాజ్ వదిలేసి పెళ్ళిగుర్రాల వెనకాల ఊదుకుంటున్నావా, సిగ్గులేదా అని తిట్టాడు. ఈయన అవునవునంటూ అన్నీ పడ్డాడు.

ఫోన్ పెట్టేశాక ఉండబట్టలేక అడిగాను. "అన్ని మాటలెందుకు పడ్డావు మావా? ఒంట్లో బాగోనేదని సెప్పొచ్చు గదా."

"పెళ్ళి బ్యాండోడంటే తిడతాడు, మళ్ళీ పిలుత్తాడు సత్తెమ్మా" అన్నాడు. "రోగిష్టోడంటే జాలి పడతాడు. మరింక పిలవడు."